ఆరుద్రకు ఎన్ని మార్కులు?

మఖ కార్తె, మొదలు

ఈ పొద్దు గాజుకప్పు తుడిచే వంతు మా వీధిది. నడుముకు తాడు కట్టుకుని, వీపున గాలిడబ్బా తగిలించుకుని పైకెక్కాను. వారంగా వీచిన గాలికి ఎర్రదుమ్ము మందంగా పేరుకుపోయింది. చీపురుతో తోసిన చోటల్లా కింద నుంచి పచ్చదనం బయటపడుతుంది. అది మారెక్క అత్త చెనిక్కాయల మడి, అంటే వేరుశనగ మడి. చుట్టూ కనుచూపు మేర అంగారకుడి ఎర్రరాళ్లు, నా కాళ్ల కింద చెనిక్కాయ చెట్లు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాడు పట్టుకున్నవాళ్లు తిట్టేదాకా కదల్లేదు.

మధ్యాహ్నం నుంచి అసలు పని. మా ఊరు ఎర్రగుంతకు నేను తూనికల గుమస్తాను. ఏడాదికి ఒకసారి చంద్రుడి మీది తూనికల కార్యాలయం అన్ని దేశాలనూ ఒకటే ప్రశ్న అడుగుతుంది. "మీ బతుకు ఎంత బాగుంది? సున్నా నుంచి పదిలోపు చెప్పండి." భూమి మీది దేశాలు, చంద్రుడి మీదివి, ఇక్కడివి, ఇంకా అవతల రాతితునకల్లో గనులు తవ్వుకునేవి, ఎవరికీ మినహాయింపు లేదు. సొంత గాలి, సొంత నీళ్లు ఉన్న ప్రతి చోటూ లెక్క ప్రకారం ఒక దేశమే. ఆ లెక్కన మా గుంత కూడా దేశమే, నవ్వకండి. ఇల్లిల్లూ తిరిగి మార్కులు అడిగేది నేను.

కార్తెల పేరుతో రోజులు రాస్తున్నందుకు కూడా నవ్వకండి. మా పూర్వీకులు అనంతపురం నుంచి వచ్చేటప్పుడు కార్తెలను వదిలిపెట్టలేదు. ఇక్కడి ఏడాది భూమి ఏడాదికి దాదాపు రెండింతలు కాబట్టి వాటిని సాగదీసుకున్నారు, అంతే. వాన లేని చోట కార్తెలెందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "ఆడ మాత్రం వాన ఉండిందా?" అంది మారెక్క అత్త.

మొదటి గడప ఆవిడదే. మా నాయనకు అక్క. ఈ గుంతలో మట్టికి పెద్దదిక్కు. నేను వెళ్లేసరికి మడి గట్టు మీద కూర్చుని, ఒక చేత్తో కలుపు తీస్తూ, ఇంకో చేత్తో బెల్లమూ పప్పులూ నోట్లో వేసుకుంటూ, మధ్యమధ్య రాగం తీస్తోంది. అంత సుఖంగా ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

"అత్తా, నీ బతుక్కి పదికి ఎన్ని ఏసుకోను?"

"నాలుగు ఏసుకోమ్మే."

"నాలుగేనా?"

"పోయినేడు ఎంత చెప్పినా? నాలుగే గదా. ఏదో గడుస్తాండాది."

తర్వాతి గడప ఊరిపెద్ద వన్నూరప్ప మామది. నిన్ననే ఆయనకు మనవరాలు పుట్టింది. ఇల్లంతా ఓళిగల వాసన. ఆయన చాలాసేపు ఆలోచించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "అయిదు" అన్నాడు.

"మనవరాలు పుట్టింది గదా మామా!"

"అందుకే గదా పాపా అయిదు. లేకుంటే నాలుగే."

ఊరంతా ఇదే వరస. ఆరు అన్న నోరు లేదు. తప్పు పట్టడానికీ లేదు. బిడ్డ పుడితే బుగ్గన కాటుకచుక్క పెడతాం. కొత్త గాజుపలక బిగిస్తే మూలన మసిచుక్క పెడతాం. గాలి తయారుచేసే యంత్రానికి నిమ్మకాయా మిరపకాయలూ కడతాం. మార్కుకు మాత్రం చుక్క పెట్టొద్దా? బాగున్నామని నోరారా చెప్పి దిష్టి తెచ్చుకునే తెలివితక్కువవాళ్లు ఇక్కడెవరూ లేరు. నాకు నేను అయిదు వేసుకుని, ఎక్కువైందేమోనని కొట్టేసి నాలుగు చేసి, అంకెలన్నీ చంద్రుడికి పంపాను.

మఖ కార్తె, చివర

జవాబు వచ్చింది. తూనికల కార్యాలయంలో మా అంగారకుడి లెక్కలు చూసే అధికారి పేరు ఇసిదోరా. ఆమె తన భాషలో చెబుతుంది, యంత్రం తెలుగు చేస్తుంది. ఆ యంత్రానికి తెలుగు నేర్పినవాళ్లు చెదపట్టిన పాతపుస్తకాలు తినిపించి ఉంటారు.

"ఆర్యా హంపమ్మా! మీ ప్రజల దుర్భర వ్యథను ఎరింగి మా మనంబులు కలత చెందినవి. ఇక మీరు చింతింపవలదు. రక్షణ నౌకలు విశాఖ కార్తెలో మిమ్ము చేరును."

మా వ్యథ ఏమిటో నాకు అర్థం కాలేదు. కింద లెక్క చూస్తే అర్థమైంది.

లెక్క ఇలా చేస్తారు. లోకాలన్నిటి జనాన్నీ మార్కుల ప్రకారం ఒకే వరుసలో నిలబెడతారు. తక్కువ వేసుకున్నవాళ్లు వెనక, ఎక్కువ వేసుకున్నవాళ్లు ముందు. నూటికి ఎంతమంది నీ వెనక ఉన్నారో అదే నీ పర్సెంటైల్. దేశానికొక నడిమి మనిషిని, అంటే ఆ దేశంవాళ్ల వరుసలో సరిగ్గా మధ్యన ఉండే మనిషిని తీసుకుని ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూస్తారు. మా నడిమి మనిషి వెనక నూటికి నలుగురే ఉన్నారు. అందరికన్నా ముందు ఎప్పట్లాగే శిఖరపురం. మా గుంతకు అవతల, పెద్ద కొండ మీద ఉండే గొప్పవాళ్ల ఊరు.

వరుసగా మూడుసార్లు అట్టడుగున నిలిచిన దేశాన్ని ఖాళీ చేయించి, జనాన్ని బాగున్న దేశాలకు పంచుతారు. దానికి దయ నియమం అని పేరు. మాకు ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ అట్టడుగున ఉంటే దిష్టి తగలదులే అనుకుని ఊరుకున్నాం.

గాలియంత్రం ముందర అందరినీ పిలిచి చదివి వినిపించాను. ముందుగా మారెక్క అత్త అడిగింది.

"మేము బాగలేమని ఎవరు చెప్పినారమ్మే?"

"మీరే చెప్పినారత్తా."

"మట్టిని తీసుకపోనిస్తారా?"

నిబంధన నాకు తెలుసు. పరాయి మట్టిలో ఏ పురుగుంటుందో అని ఏ దేశమూ రానివ్వదు. మనుషులు వెళ్లిపోతే కప్పు కింద వేడి ఆపేస్తారు. మట్టి గడ్డకట్టి చచ్చిపోతుంది. ఈ నేలలో విషపు ఉప్పు ఉండేది. మా ముత్తాతల నాటి నుంచి కడిగి, ఎరువు కలిపి, వానపాముల్ని పెంచి, దాన్ని మట్టి చేశారు. మా అవ్వ, అంటే మారెక్క అత్త వాళ్లమ్మ, ఆ పని చేస్తూనే పోయింది. ఇవన్నీ చెప్పే ధైర్యం లేక తల అడ్డంగా ఊపాను. అత్త లేచి మడి వైపు వెళ్లిపోయింది. ఆమె అలా చప్పుడు చేయకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా భయమేసింది.

పుబ్బ కార్తె

వన్నూరప్ప మామకు ఉపాయం తట్టింది. మళ్లీ సర్వే పెట్టించుకుని అందరూ తొమ్మిది చెప్పేస్తే సరి.

మార్కు ఇంత చెప్పమని నేను చెబితే గుమస్తాగిరీ పోవడమే కాదు, మొత్తం సర్వే రద్దవుతుంది. అది ప్రమాణం చేసి తీసుకున్న పని. ఆ మాటే ఆయనతో అన్నాను.

"నువ్వు చెప్పొద్దులే పాపా. నేను చెప్తా. నువ్వు చెవులు మూసుకో."

నేను చెవులు మూసుకున్నాను. అయినా వినబడింది, ఆయన గొంతు అలాంటిది. ఊరందరినీ నిలబెట్టి సాధన చేయించాడు. "మీ బతుకు ఎంత బాగుండాది?" అని అడగడం, "తొమ్మిది" అనిపించడం. మొదట నిలబెట్టింది తన భార్యనే. ఆవిడ "తొమ్..." అని నాలుక కరుచుకుంది. ఇంటికిపోయి మనవరాలి బుగ్గన చుక్క ఉందో లేదో చూసుకుని వచ్చింది. తర్వాతి మనిషి ఆరు దాకా వెళ్లి దగ్గు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన, "తొమ్మిదే గానీ, కాళ్లనొప్పులు పోగా నాలుగు" అన్నాడు. చివరకు వన్నూరప్ప మామనే చెప్పి చూపించమన్నారు. ఆయన మీసం దువ్వుకుని, ఛాతీ విరుచుకుని, నోరు తెరిచి, "అయిదు" అన్నాడు.

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. ఇంటికి వచ్చాక ఏడ్చాను. ఊడ్చినా పోని అలవాటు మాది. దానికోసం ఇంత మట్టిని చంపుకోబోతున్నాం.

ఉత్తర కార్తె

ఇసిదోరాకు రాశాను. ఒక దేశం మార్కును ఇంకో దేశం మార్కు పక్కన పెట్టడమే తప్పు, మా వాళ్లను మా వాళ్ల వరుసలోనే నిలబెట్టండి అని. కబురు వెళ్లి రావడానికి ఈ రోజుల్లో అన్నం వండుకునేంత సేపు పడుతోంది. అన్నం దించేసరికి జవాబు ఉంది.

"అటుల చేసిన ప్రతి దేశపు నడిమి మనిషి వెనకను నూటికి సరిగ్గా ఏబదిమందియే యుందురు. సుఖించువారును ఏబది, దుఃఖించువారును ఏబది. పూర్వమొకచో గనిలో ఊపిరాడక చచ్చుచున్న జనుల పత్రమునందు ఏబది అనియే ఉండెను. మేము దానిని చూచి నిదురించితిమి. ఆర్యా, మీరు నిజముగా వ్యథలో లేరని నేనెట్లు తెలిసికొందును?"

యంత్రం భాష వెనక ఒక మనిషి గొంతు మొదటిసారి వినబడింది. ఆమె మా శత్రువు కాదు. మమ్మల్ని కాపాడటానికే ఇదంతా చేస్తోంది. అది తెలిశాక తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

కిందనే ఇంకో మాట ఉంది. అన్ని దేశాలవాళ్లూ ఒకే వస్తువుకు మార్కు వేస్తే, ఎవరి పది ఎంత పెద్దదో తేలుతుంది. ఆ వస్తువు ఏదో చెప్పమని అడిగింది. వాళ్లు ఇదివరకే ప్రయత్నించారట. ఒక కథ చెప్పి, అందులోని మనిషి ఎంత సుఖంగా ఉందో చెప్పమన్నారు. ఆ మనిషి రోజూ దూరం నడిచి బిందెడు నీళ్లు తెచ్చుకుంటుంది. భూమి మీది వాళ్లు పాపం అన్నారు. గనుల్లోని వాళ్లు, నడవడానికి అంత చోటా, పైగా బిందెడు నీళ్లా అని నోరెళ్లబెట్టారు.

రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. సూర్యుడు? భూమి మీద కన్నా మాకు చిన్నగా కనిపిస్తాడు, గనులవాళ్లకు ఇంకా చిన్న. అన్నం? నీళ్లు? తల్లి జోలపాట? ఏది తీసుకున్నా చోటును బట్టి మారిపోతుంది. లోకాలన్నిటికీ ఒకేలా ఉండేది ఒక్కటీ లేదు.

హస్త కార్తె

ఇది ఈ పూటే రాసి పెట్టుకోవాలి.

పొద్దున అంబలి తాగుతుండగా చంద్రుడి మీది దూరదర్శినుల వాళ్ల నుంచి అన్ని దేశాలకూ ఒకేసారి కబురు వచ్చింది. ఆరుద్ర పేలిపోయింది. వెలుగు రాకముందే వచ్చే సన్నటి కణాలు అందాయి, కొన్ని గంటల్లో కంటికే కనబడుతుంది, అందరూ ఆకాశం చూడండి అని.

ఆరుద్ర అంటే మాకు వేరే చెప్పక్కర్లేదు. మా కార్తెల్లో విత్తనాలు వేసే కార్తె ఆ నక్షత్రం పేరుదే. ఎర్రటి చుక్క, మా నేల రంగే.

గాజుకప్పు నిండా దుమ్ము. వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. ఊరు ఊరంతా గాలిడబ్బాలు తగిలించుకుని, చీపుర్లు పట్టుకుని పైకెక్కేసింది. ఎప్పుడూ మడి దాటి రాని మారెక్క అత్త కూడా నా తాడు పట్టుకుని ఎక్కింది. వన్నూరప్ప మామ పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టాడు. తుడవడం అయిపోయింది, ఇంకేం చేయాలో తెలియక అందరం నిలబడి ఉన్నాం. పట్టపగలు. గులాబిరంగు ఆకాశంలో సూర్యుడు తన మానాన తాను ఉన్నాడు.

అప్పుడు, సూర్యుడు లేని వైపు, ఒక చుక్క పుట్టింది.

మొదట సూదిమొనంత. నేను కన్ను నలుపుకుందామనుకుని శిరస్త్రాణం అద్దానికి చెయ్యి కొట్టుకున్నాను. మళ్లీ చూసేసరికి అది ఉంది. తెల్లగా, నీలంగా, కదలకుండా. చూస్తుండగానే పెరిగింది. సాయంత్రమయ్యేసరికి కంటితో నేరుగా చూడలేనంత అయింది. సూర్యుడు గుంత అంచు కిందికి జారిపోయాడు, అయినా చీకటి పడలేదు. ఎర్రరాళ్లన్నీ వెండిరంగు తిరిగాయి. నేను కిందికి చూస్తే నా పక్కన పదునైన నీడ ఒకటి పడి ఉంది. ఊళ్లో ప్రతి మనిషి పక్కనా ఒకటి. ఆ నీడలు వేసింది సూర్యుడు కాదు. మనుషులు పుట్టక మునుపటి నుంచి ఉన్న ఒక నక్షత్రం ఆరేడు వందల ఏళ్ల కిందట చచ్చిపోతూ విసిరిన వెలుగు, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చి, మా చీపుర్ల నీడలు వేసింది.

గాలిడబ్బాల రేడియోలో అందరి ఊపిర్లూ వినబడుతున్నాయి. నేను అక్కడే కూర్చుండిపోయాను. భయం కాదు. నేను ఇంత చిన్నదాన్నని తెలియడం ఇంత సంతోషంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు" అంది మారెక్క అత్త రేడియోలో, చాలా మెల్లగా. "కురుస్తాండాది సూడు."

కిందికి దిగేసరికి ఇసిదోరా కబురు ఉంది. యంత్రం కూడా మూగబోయినట్టుంది, ఒకే ఒక్క మాట తెలుగు చేసింది.

"చూచితిరా?"

ఆ మాట చదివాకే నా బుర్రకు తట్టింది. ఆమె చూసింది. నేను చూశాను. గనులవాళ్లు చూశారు, భూమి మీది చేపలవాళ్లు చూశారు, శిఖరపురం గొప్పవాళ్లు చూశారు. మాకూ వాళ్లకూ మధ్య ఎంత దూరమున్నా, ఆరుద్ర ఉన్న దూరం ముందు అది గడపకూ గడపకూ మధ్య ఉన్నంత కూడా కాదు. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. అందరికీ అదే ఆరుద్ర.

తొందరలో మూడుసార్లు తప్పు రాసి, నాలుగోసారి పంపాను. "ఆరుద్రకు మార్కులు అడగండి."

హస్త కార్తె, చివర

ఇసిదోరా ఒప్పుకుంది. పై అధికారులనూ ఒప్పించింది. అన్ని దేశాల్లోనూ ఒకటే ప్రశ్న. "ఆరుద్రను చూసినప్పుడు మీ మనసుకు ఎంత బాగుంది? సున్నా నుంచి పదిలోపు చెప్పండి." దేనికి అడుగుతున్నామో జనానికి చెప్పకూడదు. లెక్క తేలేదాకా నౌకలు బయల్దేరవు.

సంతోషపడ్డాను. ఆ సంతోషం ఒక పూటకే సరిపోయింది. గడప దాటబోతుంటే అసలు సంగతి తలకెక్కింది. దిష్టి మనిషికి తగులుతుంది, బిడ్డకు తగులుతుంది, మడికి తగులుతుంది. ఆకాశంలో నక్షత్రానికి ఎవరు చుక్క పెడతారు? మా వాళ్లు ఆరుద్రకు మనసారా పది వేసేస్తే? అప్పుడు వాళ్ల పది కూడా అందరి పదిలాంటిదే అని తేలుతుంది. బతుక్కి వేసుకున్న నాలుగు నిజంగా నాలుగే అవుతుంది. మమ్మల్ని ముంచేది నా ప్రశ్నే అవుతుంది. పైగా ఎవరికీ ఒక్క ముక్క చెప్పడానికి లేదు.

కాళ్లు ఈడ్చుకుంటూ మారెక్క అత్త మడికి వెళ్లాను. గాజుకప్పులోంచి ఆరుద్ర వెలుగు నేరుగా చెనిక్కాయ ఆకుల మీద పడుతోంది. అత్త కలుపు తీయడం లేదు. మట్టిలో చేతులు పెట్టుకుని, తల పైకెత్తి, నోరు తెరుచుకుని చూస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచింది. ఈ మనిషి పదికి పదకొండు వేస్తుందని నాకు ఖాయమైపోయింది.

"అత్తా, ఆరుద్రను చూస్తే నీకు ఎంత బాగుండాది? పదికి చెప్పల్ల."

ఆమె నా వైపు తిరగలేదు.

"నాలుగు" అంది.

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. "ఎంత?"

"నాలుగు ఏసుకోమ్మే."

"నాలుగా! కండ్లనిండా నీళ్లు పెట్టుకుని చూస్తాండావు గదత్తా!"

"మెల్లగా మాట్లాడు" అని కసురుకుంది. కప్పు వైపు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించింది. "లోకాలన్నీ దాన్నే సూస్తాండాయి. దానికి మాత్రం దిష్టి తగలదా?"

నేను మడి గట్టు మీద కూలబడి నవ్వాను. నవ్వు ఆగక ఏడ్చాను. అత్త నా వాలకం చూసి కంగారుపడి, చెంగుతో నాకే దిష్టి తీసి పారేసింది. ఊరంతా తిరిగాను. నాలుగు, అయిదు. అయిదు, నాలుగు. వన్నూరప్ప మామ ఒక్కడే చాలాసేపు గింజుకుని ఆరు అన్నాడు, వెంటనే ఉమ్మేసి కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు. మా దేశ చరిత్రలో అది మొదటి ఆరు.

చిత్త కార్తె

లెక్క కట్టడానికి ఇసిదోరా నన్నూ కూర్చోబెట్టుకుంది, కబుర్ల మీదే. పద్ధతి తేలికైనదే. ప్రతి మనిషీ బతుక్కి వేసుకున్న మార్కును, అదే మనిషి ఆరుద్రకు వేసిన మార్కు పక్కన పెట్టడం. ఎవరి బతుకు వాళ్ల ఆరుద్రకు ఎంత దగ్గరగా ఉందో చూడటం. ఆ తర్వాత లోకాలన్నిటినీ మళ్లీ ఒకే వరుసలో నిలబెట్టడం.

వరుస కదిలింది. తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో వెలుగుచుక్క. వందలకోట్ల చుక్కలు తమ చోట్లు వదిలి నడిచాయి. పుట్టెడు ఆవాలు ఒలికితే ప్రతి గింజా లేచి తన ఇంటికి తాను పోయినట్టుంది. అందులో నా చుక్క ఎక్కడుందో నేను వెతకలేదు. మొత్తాన్నే చూశాను. సున్నా అన్నవాళ్లు ఉన్నారు, పది అన్నవాళ్లు ఉన్నారు, కానీ ఆరుద్ర కనబడ్డ పూట నోరు తెరుచుకోని దేశం ఒక్కటి లేదు. మనుషులు ఎన్ని లోకాలకు చెదిరిపోయినా ఒకే రకంగా తలెత్తి చూస్తారని అంకెల్లో రాసి ఉంది. ఇంత గొప్ప బొమ్మ గీయడానికి నేను కూడా ఒక చెయ్యి వేశానని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

నడిమి మనుషులు ఒక్కొక్కరే తేలారు. ఎర్రగుంత నడిమి మనిషి బతుక్కి నాలుగు, ఆరుద్రకు నాలుగు. మా వాళ్లు చెనిక్కాయల మడినీ, పేలిన నక్షత్రాన్నీ ఒకే తూకం వేశారు. మా వెనక ఇప్పుడు నూటికి తొంభైమంది ఉన్నారు.

ఇసిదోరా కబురు వచ్చింది. "ఆర్యా, మన్నింపుడు. మీరు ధనికులు." యంత్రాన్ని మొదటిసారి మెచ్చుకున్నాను.

ఊళ్లో చెప్పగానే వన్నూరప్ప మామ ఎగిరి గంతేయబోయి, ఎవరైనా చూస్తారని ఆగిపోయాడు. మారెక్క అత్త వంగి, మడిలో చెయ్యి పెట్టి, పిడికెడు మట్టి తీసి చాలాసేపు పట్టుకుంది.

స్వాతి కార్తె

అట్టడుగున ఎవరు తేలారో మొదట ఎవరూ నమ్మలేదు. శిఖరపురం.

వాళ్లు బతుక్కి ఎనిమిది వేసుకునేవాళ్లు, అందుకే ఎప్పుడూ ముందుండేవాళ్లు. ఆరుద్రకు ఊరంతా పది వేసింది. మిగతా దేశాల నడిమి మనుషులకు బతుకుకూ ఆరుద్రకూ తేడా ఒక మార్కుకు మించలేదు, వీళ్లకు రెండు. సరే, వేయదగ్గదే. కానీ ఇసిదోరా ఆరా తీస్తే తెలిసింది, వాళ్లు తలుపు తీసే యంత్రానికి కూడా పదే వేస్తారు. టీకి పది, పలకరింపుకు పది, చెప్పులు కుట్టినవాడికి పది. తొమ్మిది వేస్తే ఎదుటివాణ్ణి తిట్టినట్టు. అలాంటి చోట తన బతుక్కి ఎనిమిది వేసుకోవడమంటే గుక్కపట్టి ఏడవడమే. ఎన్నో ఏళ్లుగా వాళ్లు ఏడుస్తున్నారు. మేమందరం వాళ్లను చూసి కుళ్లుకుంటున్నాం.

ఈసారి కాగితం చూసి ఊరుకోకుండా ఇసిదోరా మనుషుల్ని పంపింది. తలుపులు తీయించి చూశారు. నిద్రపట్టనివాళ్లు, ఏళ్ల తరబడి పక్కింటివాళ్లతో మాట్లాడనివాళ్లు, అన్నం సయించనివాళ్లు. వెనకటి రెండేళ్ల మార్కులను ఈ కొలతతో తిరగవేసినా అట్టడుగున వాళ్లే తేలారు, అందుకే మా కోసం సిద్ధం చేసిన నౌకలు అటు తిరిగాయి. బాగున్న దేశాల్లో వాళ్లకు చోటు కావాలి. ఎందరిని తీసుకోగలరని మమ్మల్నీ అడిగారు.

వన్నూరప్ప మామ గాలియంత్రం ముందర నిలబడి, "గాలి చాలుతాదా?" అని అడిగాడు. యంత్రం చూసేవాళ్లు చాలుతుందన్నారు. "తిండి?" అన్నాడు. అందరూ మారెక్క అత్త వైపు చూశారు.

"ఇంకో మడి చేసుకుంటే సరి. చేతులు వస్తాండాయి గదా" అంది.

విశాఖ కార్తె

నౌక దిగింది. వచ్చినవాళ్లందరూ నవ్వుతూ దిగారు. ఇల్లు ఎలా ఉందంటే పది, నీళ్లు ఎలా ఉన్నాయంటే పది, మా కారం తిని కళ్ల నీళ్లు కారుతుంటే కూడా పది. మా వాళ్లు హడలిపోయారు. వన్నూరప్ప భార్య వీధి వీధికీ తిరిగి నిమ్మకాయలు కట్టింది.

మారెక్క అత్త వంతుకు వచ్చిన ఆమె పేరు లూమి. నలభై దాటి ఉంటాయి. అత్త ఆమెను మడి గట్టు మీద కూర్చోబెట్టి, ఉడికించిన చెనిక్కాయలు ఒళ్లో పోసింది. మధ్యలో నేను, నా చేతిలో తర్జుమా యంత్రం.

"ఎట్లుండావు తల్లీ?"

లూమి నవ్వింది. "పది" అంది.

అత్త తలూపి ఊరుకుంది. కలుపు తీయడం మొదలుపెట్టింది. లూమి కాసేపు కాయలు వలుచుకుంది. తర్వాత చూసి చూసి, ఆమె కూడా ఒక చెయ్యి మట్టిలో పెట్టింది. తీయలేదు. పక్క చెట్టు మొదట్లో గడ్డిపోచ కనబడితే పీకింది. అత్త అది కలుపో కాదో చూసి, సరే అన్నట్టు ఊరుకుంది. అలా సాలు చివరిదాకా వెళ్లారు. ఆరుద్ర కొంచెం తగ్గినా పట్టపగలే ఇంకా కనబడుతోంది. నాకు అక్కడ పని లేదు. అయినా కదలబుద్ధి కాలేదు.

సాలు చివర లూమి ఆగిపోయింది. మట్టి చేతుల వైపు చూసుకుంటూ ఏదో అంది. చాలా చిన్నగా అనడంతో యంత్రానికి అందలేదు. మళ్లీ చెప్పమని నేను అడగబోతుంటే తనే తలెత్తి, ఈసారి గట్టిగా చెప్పింది. నవ్వడం లేదు.

"మూడు" అంది యంత్రం.

తన జన్మలో ఆమె ఎవరితోనూ అనని మాట అది. మారెక్క అత్త కలుపు పక్కన పడేసి, చెంగుకు చేతులు తుడుచుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మూడా? నాకన్నా ఒకటే తక్కువ గదమ్మా" అంది. "వచ్చేస్తాదిలే."

నేను ఆ మాటను యంత్రంలో వేసి వినిపించాను. లూమి ఏడవడం మొదలుపెట్టింది. అత్త ఆమె పక్కనే కూర్చుంది.